హంగేరియన్ అమ్మగారి కోసం ఒక దుబాసీ

నేను దుబాయ్‌లో ఏం పని చేస్తానో మావాళ్లకి ఒక్క మాటలో చెప్పడం ఇప్పటికీ చేతకాదు. అనువాదాలు చేస్తావా అంటే చెయ్యను. చేసేవాళ్లని వెతికి పెడతాను. దేరాలో ఒక పాత భవనం రెండో అంతస్తులో మా ఆఫీసు. పెళ్లి సర్టిఫికెట్లు, విడాకుల తీర్పులు, డ్రైవింగ్ లైసెన్సులు వస్తుంటాయి. ఏ భాష నుంచి ఏ భాషకి కావాలంటే దానికి తగ్గ మనిషిని పట్టుకోవడం, కోర్టుకో ఆసుపత్రికో దుబాసీని పంపడం, ఆ మనిషి వేళకి చేరకపోతే తిట్లు తినడం నా ఉద్యోగం. తిట్లు తినడంలో నాకు మంచి అనుభవం ఉంది. తిరిగి తిట్టడంలో ఇంకాస్త ఎక్కువే ఉంది.

కరోనా వచ్చిన రెండో ఏడు. మాస్కుల వెనకనుంచి అరుచుకుంటూ పని చేసుకుంటున్న రోజులు. ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. హంగేరియన్ నుంచి టర్కిష్‌కి దుబాసీ కావాలి, కవిత్వం బాగా తెలిసిన మనిషే కావాలి అన్నాడు ఒక పెద్దాయన, ఇంగ్లీషులో. మా ఆఫీసులో కవిత్వం అన్న మాట వినపడటం అదే మొదలు. తప్పు నంబరేమో అనుకున్నాను.

మా ముదీర్ జోర్డాన్ ఆయన. మేనేజర్‌ని ఇక్కడ అందరం ముదీర్ అనే అంటాం. ఆయనకి చెబితే, కవిత్వానికి స్టాంపు ఎవరడుగుతారని తన గల్ఫ్ హిందీలో నవ్వాడు. “షాయిరీ కో స్టాంప్ కౌన్ మాంగ్తా? ఏక్ ఆద్మీ హంగేరియన్ టు ఇంగ్లీష్, దూస్రా ఇంగ్లీష్ టు టర్కిష్. ఖలాస్!” అన్నాడు. అందులో తప్పేం లేదు. ఇక్కడ అరుదుగా వినపడే రెండు భాషల మధ్య మనిషి దొరకనప్పుడు మధ్యలో ఇంగ్లీషును వంతెన వెయ్యడం మా వృత్తిలో మామూలే. ఎంతోమంది కాపురాలు ఆ వంతెన మీదే తెగిపోయాయి.

అదే మాట పెద్దాయనకి ఫోన్లో చెప్పాను. ఆయన మెల్లగా, “అమ్మాయ్, బతుకంతా ఇంగ్లీషులో జీతం తీసుకున్నాను. ఇంట్లో కూడా అదే మాట్లాడుకున్నాం. నా భార్య మనసు ఇన్నేళ్లూ నాకు ఇంగ్లీషులోనే అందింది. చివరికైనా నా భాషలో వినాలనుంది” అన్నాడు. ఫోను పెట్టేశాక కోపమొచ్చింది నాకు. అంత మాట అన్నాక ఇక కుదరదని ఎలా చెప్పాలి?

ఒప్పందం కాగితాల మీద సంతకం కోసం షార్జాలో వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లాను. తలుపు తీసిన నర్సు నా చేతిలో ఫోను మీద తెలుగు అక్షరాలు చూసేసింది. “తెలుగోళ్లాండి?” అని గుసగుసగా అడిగింది. కోనసీమ పిల్ల. ఇళ్లకి నర్సుల్ని పంపే కంపెనీలో పని. మాది కాకినాడ అనగానే “ఆయ్, అయితే మీరు అక్కే నాకు” అని చెయ్యి పట్టుకుంది. “ఎందుకమ్మా గుసగుసలు?” అన్నాను. “ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదండి. అమ్మగారు కవిత్వం చెబుతున్నారు” అంది.

పెద్దాయన టర్కీలో పుట్టి, దేశదేశాల్లో వంతెనలు, ఓడరేవులు కట్టిన ఇంజనీరు. ఆవిడ హంగేరీ మనిషి, కవయిత్రి. ఇద్దరికీ సొంతం కాని ఏదో దేశంలో కలుసుకుని, ఇంగ్లీషులో ప్రేమించుకుని, ఇంగ్లీషులో పోట్లాడుకుని ముసలివాళ్లయ్యారు. పిల్లల్లేరు. ఆవిడ తరఫున దగ్గరివాళ్లు ఎవరూ మిగల్లేదు. ఆవిడ కవిత్వమంతా హంగేరియన్‌లో రాసింది. ఇంట్లో ఒక అలమర నిండా ఆ పుస్తకాలే. ఒక్క పేజీ కూడా ఆయన చదవలేడు. నేర్చుకుందామని ఎన్నోసార్లు మొదలుపెట్టి, ఎప్పటికప్పుడు ఏదో ఒక కొత్త రేవు పని మీద పడి మానేశాడట. ఆ మాట చెబుతూ తనలో తనే నవ్వుకున్నాడు.

ఆ ఏడాది మొదట్లో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. ఇంగ్లీషు పూర్తిగా పోయింది. చూపు కూడా మసకబారింది. హంగేరియన్ ఒక్కటే మిగిలింది, అదీ ముద్దముద్దగా.

గదిలోకి తీసుకెళ్లేముందు చెప్పులు విప్పించాడు. ఫోను ఆపించాడు. లోపల ఏసీ కూడా అతి తక్కువలో ఉంది, దాని చప్పుడు రికార్డింగులోకి వస్తుందని. వంటింట్లో మిక్సీ వెయ్యడం మానేశారు. మంచం పక్క బల్ల మీద ఆయన ఫోను, రికార్డింగు నడుస్తూ ఉంది. ఆవిడ దిండుకి ఆనుకుని కళ్లు గోడవైపు పెట్టి ఏదో అంటోంది. ఒక ముక్క అని ఆగేది. ఆ ఆగడం చాలాసేపు ఉండేది. మళ్లీ ఇంకో ముక్క. ఆయన నా చెవి దగ్గరికి వంగి, “చూశావా, పాదం పూర్తవగానే ఆగుతుంది. ఆమె కవితలన్నీ ఇలాగే ఉంటాయని చెప్పేది” అన్నాడు. నేనేదో అడగబోతే పెదాల మీద వేలు పెట్టాడు. నేను బొమ్మలా నిలబడ్డాను. నర్సు మేజోళ్లతో చప్పుడు చెయ్యకుండా తిరుగుతోంది. గుడిలో కూడా అంత నిశ్శబ్దం నేనెప్పుడూ చూడలేదు. ఇలాంటి మొగుడు కూడా ఉంటాడా అనుకున్నాను.

బయటికొచ్చాక అడిగాను, ఫోన్లో ఇప్పుడు అనువాదం చేసే యాప్‌లు ఉన్నాయి కదా అని. చూపించాడు. ఆవిడ ముద్దమాటలకి యాప్ ఇచ్చిన ముక్కలన్నీ అర్థంపర్థం లేనివి. తాళం, ఉల్లిపాయ, మంగళవారం. ఆయన మాత్రం గర్వంగా, “యంత్రానికి అందలేదు. కవిత్వం కాబట్టే అందలేదు” అన్నాడు.

సరే, వేట మొదలుపెట్టాను. మా వృత్తిలో ముందు నమూనా పంపడం పద్ధతి. మూలంలో ఒక చిన్న ముక్క ఇస్తాం, దాన్ని చేసి చూపించినవాళ్లని తీసుకుంటాం. ఆ రికార్డింగుల్లోంచి ఒక్క నిమిషం ఇవ్వండి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అవి ఆవిడ అచ్చుకాని కవితలు, ఎవరంటే వాళ్ల చేతిలో పెడితే ఎక్కడ తేలతాయో అని భయం. రేపు ఆవిడ పేరుతో వచ్చే పుస్తకంలో చివరి కవితలు ఇవేనన్నాడు. బదులుగా పాత పుస్తకంలోంచి అచ్చయిన ఒక కవిత ఫొటో తీసి ఇచ్చాడు. అది టర్కిష్‌లో చేసి పంపాలి, తనకి నచ్చాలి. నచ్చినవాళ్లకే రికార్డింగు. రచయితల ఇళ్లలో ఇలాంటి జాగ్రత్తలు ఉంటాయి కాబోలు అనుకుని తలూపాను.

మొదట దొరికినాయన రెండు భాషలకీ లైసెన్సు ఉన్న కోర్టు అనువాదకుడు. నమూనా కవితని అద్దె ఒప్పందంలా చేసి, కింద ‘మూలంతో సరిపోల్చి ధ్రువీకరించడమైనది’ అని స్టాంపు కూడా కొట్టి పంపాడు. పెద్దాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక యూనివర్సిటీ కుర్రాడు ప్రాస కోసం అర్థాన్ని నదిలో వదిలేశాడు, ఆ టర్కిష్ చదివితే ఏమీ తేలలేదన్నాడు పెద్దాయన. ఇంకొకావిడ కవిత బాగానే చేసింది కానీ, ‘ఇక్కడ కవయిత్రి పొరపాటు పడింది, నేను సరిచేశాను’ అని కింద రాసింది. ఆవిడ పేరు పెద్దాయన ముందు మళ్లీ ఎత్తలేదు.

మధ్యలో నాకు ఒక హోటల్లో రిసెప్షన్‌లో పనిచేసే హంగేరియన్ అమ్మాయి తగిలింది. టర్కిష్ రాదు. “నేనొచ్చి వింటాను, ఇంగ్లీషులో చెబుతాను, మా భాష మనిషి కదా, ఊరికే వస్తాను” అంది. నేను ఆశగా పెద్దాయనకి ఫోన్ చేశాను. “ఆ అమ్మాయి కవిత్వం చదువుతుందా?” అన్నాడు. అడిగాను. బళ్లో చదివిందే అంది. వద్దన్నాడు. “సగం సగం వినడం కంటే ఆగడం మేలు. ఆమె కవితని మొదటిసారి వింటాను నేను. అది సరిగ్గా వినాలి” అన్నాడు. ఆ రోజు నిజంగా అరిచాను ఆయన మీద. మంచంలో ఉన్న మనిషి మీ కోసం ఆగుతుందా అన్నాను. ఆయన కోపగించుకోలేదు. “ఇన్నేళ్లు ఆగింది” అన్నాడు.

దొరకదనుకున్న మనిషి చివరికి ఇజ్మీర్‌లో దొరికింది. హంగేరీలో పుట్టి, టర్కీ కోడలై, అక్కడే స్థిరపడిన మనిషి. రెండు భాషల్లోనూ కవిత్వం అనువదిస్తుంది. ఆవిడ పంపిన నమూనా చదివి పెద్దాయన నాకు ఫోన్ చేశాడు. ముక్కు ఎగబీల్చిన చప్పుడే వినపడింది. విమానాలు సరిగ్గా లేవు కాబట్టి వీడియోలోనే అనుకున్నాం. వచ్చే గురువారం అని ఖాయం చేశాను. ముదీర్‌కి చెబితే “యల్లా, మబ్రూక్!” అని అభినందిస్తూ వీపు తట్టబోయి, కరోనా గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆదివారం పొద్దున నర్సు ఫోన్ చేసింది. “అక్కా, అమ్మగారు పోయారండి” అంది. ఆఫీసుకెళ్లే బస్సులో కూర్చుని మాస్కు లోపల ఏడ్చాను. ఒక్కమాటు చూసిన మనిషి, ఆవిడ మాట ఒక్కటీ తెలియదు నాకు. నాలుగు రోజులు ఆగలేకపోయిందే అన్నదే బాధ.

ఖననానికి కొద్దిమందినే రానిచ్చారు. నర్సుని కంపెనీ వెంటనే అబుదాబి దగ్గర బనియాస్‌లో ఇంకో ఇంటికి వేసింది. దుఃఖపడటానికి మాకు వీసాలో చోటుండదు. నేను ఇజ్మీర్ ఆవిడకి ఇక అవసరం లేదని చెప్పేద్దామనుకుంటుండగా పెద్దాయనే ఫోన్ చేశాడు. “రికార్డింగులున్నాయి. కవితలున్నాయి. ఆమె చెప్పాల్సింది చెప్పే వెళ్లింది” అన్నాడు.

అలా మళ్లీ షార్జా వెళ్లాను. మొదటిసారి పని మొదలుపెట్టేటప్పుడు నాలాంటివాళ్లు పక్కన కూర్చోవడం మా రివాజు. ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసి వేసుకున్నాడు. బల్ల మీద లాప్‌టాప్, తెర మీద ఇజ్మీర్ ఆవిడ. ముందుగా ఆవిడ తన పద్ధతి చెప్పింది. మూలంలో మనిషి ‘నేను’ అంటే తనూ ‘నేను’ అనే అంటుంది. ఏదీ కలపదు, ఏదీ తీసెయ్యదు. దుబాసీ వృత్తికి ప్రాణం అదే. ఆయన తలూపి, మొదటి రికార్డింగు పెట్టాడు.

ముసలావిడ గొంతు గదిలోకి వచ్చింది. ఒక ముక్క. ఆగడం. ఇంకో ముక్క. తెర మీద ఆవిడ రాసుకోవడానికి ఎత్తిన కలం అలాగే ఉండిపోయింది. మళ్లీ పెట్టమంది. మళ్లీ విన్నది. ఇంకో రికార్డింగు అడిగింది, తర్వాత మరొకటి. తర్వాత నావైపు చూస్తూ ఇంగ్లీషులో, “ఒక్క నిమిషం మీతో విడిగా మాట్లాడవచ్చా?” అంది. పెద్దాయన, “వద్దు. ఏదైనా నాకే చెప్పండి” అన్నాడు.

ఆవిడ టర్కిష్‌లో చెప్పింది. చాలా చిన్న మాటలు. ఒకటి చెప్పి ఆగి, ఇంకొకటి. నాకేం అర్థం కాలేదు. ఆయన మొహం చూశాను. మొదట ఏదో ఎదురుచూస్తున్నట్టు ముందుకి వంగి ఉన్నాడు. ఆవిడ ఆపేసినా అలాగే ఉన్నాడు. ఇంకా ఉందేమోనని. ఇంకేం లేదని అర్థమయ్యాక కుర్చీలో వెనక్కి వాలాడు.

ఇజ్మీర్ ఆవిడ నాకోసం ఇంగ్లీషులో చెప్పింది. “‘ఎవరైనా ఉన్నారా? ఉన్నారని తెలుస్తోంది. ఎందుకు మాట్లాడరు? నాకు సరిగ్గా కనిపించడం లేదు. ఏదైనా చెప్పండి. ఏదైనా.’ విన్నవాటన్నిట్లోనూ ఇదే. మాటలు కాస్త అటూ ఇటూ.”

పాదం పూర్తయ్యాక ఆగుతోందనుకున్నాం మేము. జవాబు కోసం ఆగింది ఆవిడ. ఆ గదిలో బొమ్మలా నిలబడిన నేను కూడా ఆవిడకి ఒక మాట్లాడని మనిషినే. నాకు ఆ క్షణంలో ఆయన మీద పట్టలేనంత కోపం, ఆయన మొహం చూస్తే అంతకు రెట్టింపు జాలి. హోటల్ అమ్మాయి ఒక్క నిమిషం వచ్చి నిలబడి ఉంటే చాలు. ఒక్క నిమిషం.

“నేను మాట్లాడితే కవిత ఆగిపోతుందనుకున్నాను” అన్నాడాయన. ఎవరితోనూ కాదు.

ఇజ్మీర్ ఆవిడే, ఇంకా ఏవైనా ఉన్నాయా అని అడిగింది. పాడైపోయింది ఒకటుందన్నాడు. తను మందుల కోసం కిందికి వెళ్లినప్పుడు రికార్డింగు ఆన్‌లోనే ఉండిపోయిందట. అందులో నర్సు మాటలు పడ్డాయని పక్కన పెట్టేశాడట. అది పెట్టమంది ఆవిడ.

ఫోన్లోంచి కోనసీమ తెలుగు వచ్చింది. నేను ఉలిక్కిపడ్డాను. “మా తోడికోడలు కొత్త చీర గంజెట్టి ఆరేసిందండి అమ్మగారూ. పక్కింటోళ్ల మేక గోడ దూకొచ్చి కొంగంతా నమిలేసిందంట. ఆవిడ ఊరుకుంటదేంటండి?” నర్సు గొంతు హుషారుగా ఉంది. మధ్యమధ్యలో ముసలావిడ గొంతు. అదే గొంతు, కానీ నేను వినని గొంతు. చురుగ్గా ఉంది, నవ్వు కూడా ఉంది అందులో. తర్వాత తలుపు తీసిన చప్పుడు. ‘ష్’ అని ఒక మగగొంతు. అంతే, అయిపోయింది.

“‘ఊఁ’ అంటోంది” అంది ఇజ్మీర్ ఆవిడ. “‘ఊఁ, అలాగా? తర్వాత?’ అంటోంది. ఆ రెండో భాష నాకు తెలియదు.”

పెద్దాయన నావైపు తిరిగాడు. “ఆ నర్సు ఏం చెప్పింది?”

నేను ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను. ఆయనకి ఇంగ్లీషు వచ్చు, అయినా నేను ఒక ముక్క చెప్పగానే ఇజ్మీర్ ఆవిడ దాన్ని టర్కిష్‌లో చెబుతూ పోయింది. తోడికోడలు అన్న మాట దగ్గర తడబడ్డాను. ఇంగ్లీషులో దానికి పేరు లేదు, భర్త అన్నదమ్ముల భార్య అని డొంకతిరుగుడుగా చెప్పాల్సి వచ్చింది. ఆవిడ టర్కిష్‌లో ఒక్క చిన్న మాటతో తేల్చేసింది. వాళ్లకీ తోడికోడళ్లున్నారు. మేక కొంగు నమిలేసిందన్న దాకా చెప్పి ఆగాను.

“తర్వాత?” అన్నాడు పెద్దాయన.

తర్వాత ఏమైందో నాకేం తెలుసు? బనియాస్‌కి ఫోన్ చేశాను, స్పీకర్‌లో పెట్టాను. “చెల్లీ, ఆ మేక కథ ఏమైంది?” అన్నాను. “ఏ మేకండి?” అంది నర్సు. చీర, కొంగు అని గుర్తుచేస్తే పకపకా నవ్వింది. “అదాండి! మా తోడికోడలు ఆ మేకని లాక్కొచ్చి మా పెరట్లో కట్టేసిందండి. చీర కొనిస్తేనే మేకనిస్తానందంట. ఆళ్లేమో అడగనే లేదండి. ఇది చూస్తే బంతిమొక్కలన్నీ మేసేసి, రాత్రంతా అరుపులంట. ఆఖరికి ఈవిడే దాన్ని తీసుకెళ్లి ఆళ్లింటికాడ వదిలేసి, బాబూ మీ మేకని మీరుంచుకోండని దణ్ణమెట్టి వచ్చిందండి.”

నేను ముక్క ముక్క చెబుతున్నాను. ఇజ్మీర్ ఆవిడ చెబుతోంది. పెద్దాయన ఊఁ కొడుతున్నాడు. దణ్ణం దగ్గర నవ్వాడు కూడా.

“అయ్యగారు ఇంటున్నారాండి?” అంది నర్సు. “అమ్మగారికి ఆ రోజు సగమే చెప్పానండి. మిగతాది చెబుదామంటే మళ్లీ కుదరనే లేదు.”

నేను ఆగిపోయాను. తెర మీద ఆవిడ ఎదురుచూస్తోంది. ఏదీ తీసెయ్యకూడదు. “నేను అమ్మగారికి సగమే చెప్పాను. మిగతాది చెప్పడం మళ్లీ కుదరలేదు” అని ఇంగ్లీషులో అన్నాను. పెద్దాయన చెయ్యెత్తి చాలన్నట్టు అడ్డంపెట్టాడు. ఆవిడ అయినా తన పని తను చేసింది.

ఫోన్లో నర్సు అడుగుతూనే ఉంది. “అక్కా? హలో? ఉన్నారాండి? ఎవరూ మాట్లాడరేంటండి?”

“ఏమంటోంది?” అని ఇజ్మీర్ ఆవిడ నన్ను అడిగింది.

ఏమీ లేదన్నాను.